తాళంచెవి పట్టిన గుమాస్తా

మేడ్చల్ పట్టణంలో ప్రధాన రహదారి ప్రక్కన ప్రతిదినమూ రెండు శబ్దాలు వినిపిస్తవి. ఒకటి ఉదయం, ఇనుప తలుపు పైకి చుట్టుకుపోయే శబ్దం. రెండవది రాత్రి, అదే తలుపు క్రిందికి దిగి నేలను తాకే శబ్దం. ఈ రెండు శబ్దాల నడుమ పండ్రెండు గంటలు గడచిపోతవి. ఒక్కొక్కనాడు పదునాలుగు గంటలూ గడుస్తవి. ఆ తలుపు లోపల సామానులు కొన్నవారు అర్ధగంటలో వెళ్ళిపోతారు. బిల్లులు వ్రాసేవారు, సరుకులు సర్దేవారు వంతులవారీగా వచ్చి వెళ్ళిపోతారు. ఉదయం తలుపెత్తిన చేయి, రాత్రి తలుపు దించిన చేయి మాత్రం తరచుగా ఒక్కటే అయి ఉంటుంది. ఆ చేతిలో తాళంచెవుల గుత్తి ఉంటుంది. ఆ చేయి గలవానిని మనము మేనేజరు అంటున్నాము.

ఈ మేనేజరు దుకాణానికి యజమాని కాడు. నెలజీతానికి పనిచేసే ఉద్యోగి. అయినా దుకాణంలో పనిచేసేవారి వేళలను గురించి మన దేశంలో గడచిన ఎనభై సంవత్సరాలకు పైగా వచ్చిన శాసనాలన్నీ దాదాపుగా ఇతనిని గుమ్మం బయటనే నిలబెట్టినవి. ఇది ఎట్లా జరిగినది? ఎందువల్ల జరిగినది? ఆ కారణం ఈనాటికీ నిలిచి ఉన్నదా? మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాన్ని కండ్లముందు ఉంచుకొని ఈ ప్రశ్నలను కొంత విచారించాలని మా సంకల్పం.

మొదట పాతకాలపు దుకాణాన్ని జ్ఞాపకం చేసుకుందాము.

మేడ్చల్ హైదరాబాదుకు ఉత్తరాన, నాగపూరుకు పోయే బాటమీద ఉన్న ఊరు. 1899, 1901 సంవత్సరాల మధ్య సికింద్రాబాదునుంచి మన్మాడు వరకు గోదావరి లోయ రైలుమార్గం ఏర్పడినప్పుడు మేడ్చల్ ఆ మార్గంలో ఒక స్టేషను అయినది. షామీర్‌పేట కరీంనగరం బాటమీది ఊరు. పెద్దచెరువు ప్రక్కన పెరిగిన ఊరు. బాటమీది ఊళ్ళకు దుకాణాలు సహజం. బండ్లవాండ్లు ఆగవలె, ఎడ్లకు దాణా కావలె, మనుషులకు ఉప్పూ పప్పూ కావలె. మిగిలిన అవసరాలకు వారానికొకమారు అంగడి ఉండనే ఉన్నది.

అటువంటి దుకాణానికి గడియారం లేదు. ప్రొద్దుపొడుపుతో తెరిచేవారు, దీపం వత్తి తగ్గించిన వేళకు మూసేవారు. మూసిన తర్వాత కూడా ఎవరింట పసిబిడ్డకు కడుపునొప్పి వచ్చినా, వాము కావలెనని తలుపు తడితే లేచి ఇచ్చేవారు. ఏమనగా, దుకాణమూ ఇల్లూ ఒక్కటే. ముందర గల్లాపెట్టె, వెనుక వంటిల్లు. నడుమ ఒక తెర. మధ్యాహ్నం బేరం లేనప్పుడు యజమాని తెర వెనుకకు వెళ్ళి భోజనం చేసి, గోడకు ఆనుకొని ఒక కునుకు తీసేవాడు. అంతవరకు గల్లా దగ్గర ఇల్లాలు కూర్చునేది. పెండ్లికి పోవలసి వస్తే ఆనాడు దుకాణం మూసేవారు. అడిగేవారు లేరు. లెక్కకు పదునారు గంటలు కనిపించినా, ఆ పదునారు గంటలలో సగం సంసారమే.

ఇంతవరకు యజమాని సంగతి. ఆ దుకాణం పెద్దదై, ఒక గుమాస్తాను, ఒక కుర్రవానిని పెట్టుకుంటే వారి సంగతి వేరు. వారికి తెర వెనుక ఇల్లు లేదు. యజమాని కునుకు తీసేవేళ వారు మెలకువగా ఉండవలె. యజమాని తలుపు తీయకముందే వచ్చి ఊడ్చవలె. పద్దులు సరిచూచిన తర్వాతగాని కదలరాదు. పండుగ ముందరి పదిదినాలు వారికి రాత్రి అనేది లేదు. ఇంటివాని వేళలే జీతగాని వేళలు కావలెననే ఆచారంలోనే చిక్కు పుట్టినది. దుకాణాల పని గంటల చరిత్ర అంతా ఆ చిక్కును విడదీయడానికి జరిగిన ప్రయత్నమే అని చెప్పవచ్చును.

ఈ ప్రయత్నంలో కర్మాగారం ముందు నడిచినది, దుకాణం చాలా వెనుక నడిచినది. మిల్లులో యంత్రం ఉన్నది, కూత ఉన్నది, ప్రమాదం ఉన్నది. వందలమంది ఒకచోట ఉన్నారు. వారి కష్టం అందరికీ కనిపిస్తుంది. మన దేశంలో 1922లో కర్మాగారాలకు వారానికి 60 గంటల పరిమితి వచ్చినది. 1934 శాసనంతో అది సాధారణంగా 54 అయినది. 1946లో 48 అయినది. దుకాణంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారు శుభ్రమైన బట్టలు కట్టుకొని, చిరునవ్వుతో నిలబడి ఉంటారు. నిలబడి ఉండడం కూడా ఒక శ్రమ అని లోకం గుర్తించడానికి చాలాకాలం పట్టినది.

ఈ గుర్తింపు ఎట్లా వచ్చినదో తెలుసుకోవడానికి ఒకమారు ఇంగ్లండు వైపు చూడవలె. మన శాసనాల భాష చాలావరకు అక్కడినుంచే వచ్చినది గదా. 1886వ సంవత్సరంలో షికాగో నగర కార్మికులు ఎనిమిది గంటల దినం కావలెనని సమ్మెకట్టారు. అదే సంవత్సరంలో సర్ జాన్ లబ్బక్ ప్రయత్నంవల్ల బ్రిటిష్ పార్లమెంటు దుకాణాల విషయమై ఒక శాసనం చేసినది. దాని సారాంశం ఇది: పదునెనిమిది సంవత్సరాలు నిండని పిల్లలచేత దుకాణంలో భోజనవేళలతో కలిపి వారానికి 74 గంటలకు మించి పనిచేయించరాదు. డెబ్బదినాలుగు గంటలు! అదీ పిల్లలచేత! దీనిని ఆనాడు ఒక గొప్ప సంస్కరణగా భావించారంటే, అంతకుముందు పరిస్థితి ఎట్లా ఉండెనో ఊహించుకోవచ్చును. ఈ 74 అనే అంకెను శ్రోతలు మనసులో ఉంచుకోవలసినదిగా మనవి. తర్వాత దీనితో మనకు పని ఉన్నది.

1899లో మరొక శాసనం వచ్చినది. దుకాణంలో పనిచేసే స్త్రీలు ముగ్గురికి ఒక ఆసనం చొప్పున ఏర్పాటు చేయవలెనని అది ఆదేశించినది. 1911లో వారానికి ఒక పూట సెలవు వచ్చినది. ఒక పీట, ఒక పూట. ఇవి చిన్న విషయాలని నవ్వరాదు. మన దక్షిణాదిలోనే దుకాణపు ఉద్యోగులకు కూర్చునే హక్కును కేరళ రాష్ట్రం 2018లోను, తమిళనాడు 2021లోను శాసనం ద్వారా ఇచ్చినవి. ఒక పీట సముద్రం దాటి ఇక్కడికి రావడానికి నూరు సంవత్సరాలకు పైగా పట్టినదన్నమాట.

మొదటి ప్రపంచయుద్ధానంతరం పని గంటల సమస్య దేశాల మధ్య ఒడంబడికల స్థాయికి పెరిగినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో తన మొట్టమొదటి ఒడంబడికను పరిశ్రమలలో ఎనిమిది గంటల దినాన్ని గురించే చేసినది. 1930లో వర్తకానికీ, కార్యాలయాలకూ అదే సూత్రాన్ని విస్తరింపజేసింది: దినానికి 8, వారానికి 48. ప్రపంచంలోని దుకాణపు గుమాస్తాలందరికీ ఇది ఒక మహత్తరమైన వాగ్దానం. అయితే ఆ వాగ్దానంలోనే ఒక చిన్న కిటికీ తెరచి ఉంచబడినది. నిర్వహణాధికారంలో ఉన్నవారిని, యజమాని ఆంతరంగిక విశ్వాసానికి పాత్రులైనవారిని ప్రభుత్వాలు ఇష్టమైతే ఈ పరిమితినుంచి మినహాయించవచ్చును అని వ్రాశారు.

ఆ మాట వ్రాసినవారిని తప్పుపట్టవలసిన పని లేదు. ఆనాడు దుకాణంలో ‘నిర్వహణాధికారి’ అంటే యజమాని కుమారుడో, అల్లుడో, భాగస్థుడో, తరతరాల నమ్మకస్తుడైన పెద్ద మునీమో. లాభంలో అతనికి వాటా ఉన్నది. వేళలను నిర్ణయించేది అతనే. నేడు మూసివేయుదమనుకుంటే మూయగలిగినది అతనే. తన వేళలకు తానే కర్త అయిన మనిషికి వేళల పరిమితి ఎందుకు అన్నది వారి తర్కం. అప్పటికి అది సరియైన తర్కమే.

ఈ కిటికీ మన దేశానికి కూడా వచ్చినది. 1939లో బొంబాయి రాష్ట్రం దుకాణాల, వాణిజ్య సంస్థల శాసనం చేసి దేశానికి దారి చూపినది. 1942లో కేంద్రప్రభుత్వం వారపు సెలవుల శాసనం తెచ్చినది. దుకాణాలలో, హోటళ్ళలో, నాటకశాలల్లో పనిచేసే ప్రతివ్యక్తికీ వారంలో ఒక పూర్తిదినం సెలవు ఇయ్యవలెనన్నది. కాని ఆంతరంగిక పదవిలోగాని నిర్వహణాధికారంలోగాని ఉన్నవారికి తప్ప. 1947లో మద్రాసు రాష్ట్రపు శాసనం వచ్చినది. అప్పుడు ఆ రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాల గుమాస్తాలకు దినానికి 8, వారానికి 48 గంటలు, నాలుగు గంటల పనికి తర్వాత గంట విరామం, వారానికొకదినం దుకాణం మూత లభించినవి. ఆ మూత దినమేదో పలకమీద వ్రాసి అందరికీ కనిపించేచోట తగిలించవలెనని కూడా అందులో ఉన్నది. ఆ శాసనమూ నిర్వహణాధికారంలో ఉన్నవారికి వర్తించదని స్పష్టంగా పేర్కొన్నది.

మేడ్చల్, షామీర్‌పేటలు అప్పుడు మద్రాసులో లేవు; నిజాం రాజ్యంలో ఉండెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత, 1951లో హైదరాబాదు రాష్ట్రానికి ప్రత్యేకంగా దుకాణాల శాసనం వచ్చినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పటికీ పది సంవత్సరాలపాటు ఆంధ్ర ప్రాంతపు గుమాస్తాకు ఒక శాసనం, తెలంగాణ గుమాస్తాకు మరొక శాసనం ఉండెను. 1966లో రెంటినీ తొలగించి రాష్ట్రమంతటికీ ఒకే శాసనం చేశారు. దాని స్థానంలో 1988లో ఇంకొకటి వచ్చినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట ఆ 1988 శాసనాన్నే తెలంగాణ తన శాసనంగా స్వీకరించినది.

ఆ 1988 శాసనంలోనూ 8 గంటలు, 48 గంటలు ఉన్నవి. సెలవులు, అదనపు వేళకు అదనపు వేతనం ఉన్నవి. చివరివైపు, 73వ విభాగంలో, మన మినహాయింపు ఉన్నది. నిర్వహణ పదవిలో ఉండి, సంస్థ వ్యవహారాలపై అధికారం కలిగి, సగటున నెలకు 1,600 రూపాయలకు మించి వేతనం పొందే ఉద్యోగులకు ఈ శాసనం వర్తించదు అని దాని తాత్పర్యం. 1988లో పదునారు వందలు ఒక పెద్దమనిషి జీతానికి గుర్తు. నేడు ఆ అంకె ఎవరినీ వేరుచేయదు. జీతమనే గోడ కాలక్రమాన నేలమట్టమైనది. ఇక మిగిలినవి రెండు మాటలు: ‘నిర్వహణ పదవి’, ‘వ్యవహారాలపై అధికారం’.

ఇంతవరకు శాసనం కథ. ఇక దుకాణం కథకు తిరిగివద్దాము. ఈ డెబ్బది ఎనుబది సంవత్సరాలలో శాసనంలోని మాట మారలేదు; దుకాణం మాత్రం పూర్తిగా మారిపోయినది.

షామీర్‌పేటలో 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం వెలసినది. ఆ ప్రక్కనే తుర్కపల్లి పరిసరాలలో మందులూ టీకాలూ తయారుచేసే జీనోం వ్యాలీ విస్తరించినది. 2008లో పిలానీ బిట్స్ విద్యాసంస్థ హైదరాబాదు శాఖ ఆ చేరువలోనే ఆరంభమయినది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల వలయ రహదారి వచ్చి, ఒకవైపు మేడ్చల్ దగ్గర నాగపూరు బాటను, మరొకవైపు షామీర్‌పేట దగ్గర కరీంనగరం బాటను దాటుకొని పోయినది. 2015లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ మేడ్చల్ సమీపాన గుండ్లపోచంపల్లిలో పెద్ద గిడ్డంగిని తెరిచినది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాదునుంచి మేడ్చల్‌కు ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలయినవి. పూర్వం జొన్నచేలూ ద్రాక్షతోటలూ ఉన్నచోట నేడు అంతస్తుల ఇండ్లు లేచినవి.

జనం వచ్చినచోటికి దుకాణం వస్తుంది. కాని ఇప్పుడు వచ్చిన దుకాణం తెర వెనుక వంటిల్లు ఉన్న దుకాణం కాదు. దాని యజమాని ఎక్కడో దూరాన ఉన్న ఒక కంపెనీ. ఆ కంపెనీకి అటువంటివి వందల దుకాణాలు. ఏ సరుకు ఏ అరలో ఉండవలెనో, ఏ ధరకు అమ్మవలెనో, ఎన్ని గంటలకు తెరిచి ఎన్ని గంటలకు మూయవలెనో, ఎందరు మనుషులను పెట్టుకోవలెనో, నెలకు ఎంత అమ్మకం చూపవలెనో అన్నీ ప్రధాన కార్యాలయంలోనే నిర్ణయమవుతవి. ఆ నిర్ణయాలను నెరవేర్చడానికి స్థానికంగా ఒక మనిషి కావలె. అతడే మన మేనేజరు. అతని చేతిలో తాళంచెవి ఉన్నది. తాళం ఎప్పుడు వేయవలెనో చెప్పే అధికారం మాత్రం అతనికి లేదు.

ఈ ప్రసంగం కోసం మేము ఆ వైపు తిరిగినప్పుడు అటువంటి ఒక మేనేజరుతో కొంతసేపు మాట్లాడగలిగినాము. ముప్పది ఆరేండ్ల మనిషి; షామీర్‌పేట చుట్టుప్రక్కల ఊరివాడే; బి.కాం. చదివినవాడు. తండ్రి ఊళ్ళో కిరాణాకొట్టు నడిపినవాడట. అతని దినచర్యను అడిగి తెలుసుకున్నాము. ఉదయం తొమ్మిదిన్నరకు దుకాణం చేరుతాడు. ముందురాత్రి లెక్క పెట్టెలోని నగదుతో సరిపోయినదా చూస్తాడు. కూరగాయల బండి, పాల బండి వచ్చినవా, వచ్చినవాటిలో చెడినవెన్ని అని చూస్తాడు. గడువు తీరిన పొట్లాలను అరలనుంచి తీయిస్తాడు. రాని పనివారెందరో లెక్కించి, ఉన్నవారిని సర్దుతాడు. మనుషులు తక్కువైతే తానే బిల్లుల బల్ల దగ్గర నిలబడతాడు. సాయంత్రం ఆరునుంచి తొమ్మిదివరకు ఊపిరాడని రద్దీ. ఆ తర్వాత దినపు అమ్మకాల లెక్క, నగదు సరిచూడడం, పైవారికి నివేదిక పంపడం, దీపాలార్పడం, తాళం. అన్నీ సక్రమంగా సాగిననాడు రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడతాడు. సాగనినాడు వేళ చెప్పలేము. ఇంటికి చేరిన తర్వాత కూడా దొంగల గంట మ్రోగినా, శీతలపు పెట్టె ఆగిపోయినా ఫోను అతనికే వస్తుంది.

దినానికి పండ్రెండు గంటలు. వారానికి ఆరు దినాలు. పండ్రెండారులు డెబ్బదిరెండు. ఇందాక మనసులో ఉంచుకొమ్మని కోరిన అంకె శ్రోతలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1886లో ఇంగ్లండులో దుకాణపు పిల్లలకు విధించిన పరిమితి 74 గంటలు. అదీ భోజనవేళలతో కలిపి, ఇదీ భోజనవేళలతో కలిపి. నూటముప్పది ఏండ్లకు పైగా గడచిన తర్వాత, షామీర్‌పేట బాటమీద, పట్టభద్రుడైన ఒక ఉద్యోగి ఆ పరిమితికి కేవలం రెండు గంటల ఇవతల నిలిచి ఉన్నాడు. పండుగల వారాలలో దానిని దాటుతున్నాడు. అతనికి ఆ 74 పరిమితి కూడా లేదు.

వారానికొక సెలవు ఉన్నది గదా అని అడిగినాము. ఉన్నదన్నాడు, మంగళవారమో బుధవారమో. ఆదివారం బేరం ఎక్కువ కనుక ఆనాడు సెలవు లేదు. పిల్లవానికి బడి లేనినాడు తండ్రికి దుకాణం ఉన్నది. తండ్రికి దుకాణం లేనినాడు పిల్లవానికి బడి ఉన్నది. దసరా, దీపావళి, సంక్రాంతి అందరి ఇండ్లకూ వస్తవి. అతని ఇంటికి మాత్రం రెండు దినాలు ఆలస్యంగా వస్తవి.

చివరకు తన తండ్రిని తలచుకొని అతడు ఒక మాట అన్నాడు. దానిని అతని మాటలలోనే చెప్పడం న్యాయం. “మా నాయిన గూడ తెల్లారకముందు నుంచి రాత్రిదాంక కొట్లనే ఉండె సార్. గని మా కండ్ల ముంగట ఉండె. నేను ఇంటికి పొయ్యేసరికి నా కొడుకు పండుకొని ఉంటడు.”

ఈ ఒక్క మాటలో మేము ఇంతసేపు చెప్పిన చరిత్ర అంతా ఇమిడి ఉన్నదని మాకు తోచినది. తండ్రికీ కొడుకుకూ గంటలు సమానమే. తండ్రి గంటలు ఇంటిలో భాగం. కొడుకు గంటలు ఇంటినుంచి తీసివేత. శాసనం ఇద్దరినీ ఒకే గంపలో వేసి, ‘వీరు నిర్వాహకులు, వీరికి పరిమితి అక్కరలేదు’ అన్నది.

దీనికి ఎదురుగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. వాటిని కూడా విందాము. మేనేజరుకు గుమాస్తాకంటె జీతం హెచ్చు గదా అని కొందరంటారు. నిజమే. అయితే ఆ హెచ్చును అతని గంటలతో భాగించి చూస్తే ఎంత మిగులుతుందో ప్రతి మేనేజరు ఇల్లాలికీ తెలుసు. ఇది పైకి ఎక్కే నిచ్చెనలో ఒక మెట్టు, కొంతకాలం ఓర్చుకుంటే చాలునని మరికొందరంటారు. ఇదీ కొంత నిజమే; ఎక్కినవారూ ఉన్నారు. కాని వందల దుకాణాలకు వందల మేనేజర్లు కావలె. పైమెట్టున ఉన్న గదులు కొద్ది. దుకాణం నడిపేవాడు గడియారం చూడరాదు, అది ఆ వృత్తి ధర్మం అనే మాట ఒకటి ఉన్నది. ఈ మాటలో గౌరవం ఉన్నది, కాదనము. బాధ్యత తీసుకున్నవాడు పని మధ్యలో వదలి పోరాదు. అయితే బాధ్యతకు తగిన అధికారం కూడా ఉండవలె గదా. తన క్రింద ఒక మనిషిని ఎక్కువగా పెట్టుకోగలిగిన అధికారం ఉంటే అతడే తన గంటలను తగ్గించుకొని ఉండును. అది లేనప్పుడు మేనేజరు అనే బిరుదు పేరు గొప్ప, ఊరు దిబ్బ చందమే.

1988 శాసనంలోని ‘వ్యవహారాలపై అధికారం’ అనే మాట ఇటువంటివానికి ఎంతవరకు అన్వయిస్తుందో నిర్ణయించడం న్యాయస్థానాల పని. మా పని కాదు. ఆ మాట వ్రాసినవారి కండ్లముందు ఉన్న మనిషి ఇతడు కాడని మాత్రం చరిత్ర చెబుతున్నది.

ఇటీవలి మార్పులు కూడా ఈ దిశగా చూడదగినవి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం సంవత్సరానికి 10,000 రూపాయల రుసుముతో దుకాణాలు రాత్రింబవళ్ళు తెరిచి ఉంచుకొనడానికి అనుమతి ఇచ్చినది. ఉద్యోగులకు వారపు సెలవు, గంటల పరిమితి, ఓవర్‌టైము వేతనం, రాత్రివేళ పనిచేసే స్త్రీలకు రక్షణ ఉండవలెనని షరతులు పెట్టినది. 2025 జూలైలో, దుకాణాలను మినహాయించి, ఇతర వాణిజ్య సంస్థలలో దినానికి పది గంటలవరకు పని చేయించుకొనడానికి, వారానికి 48 గంటల హద్దును అట్లే ఉంచి, వీలు కల్పించినది. 2025 నవంబరు 21న కేంద్రప్రభుత్వపు నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చినవి. వానిలో పనిచేసే పరిస్థితులకు సంబంధించిన 2020 నాటి స్మృతి ‘కార్మికుడు’ అనే పదాన్ని నిర్వచిస్తూ, ప్రధానంగా నిర్వహణ పనిలో ఉన్నవారిని, నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందే పర్యవేక్షకులను ఆ పదంనుంచి తప్పించినది. 1930లో తెరిచిన కిటికీ ఇంకా తెరిచే ఉన్నదన్నమాట. తలుపు మూసే వేళ తొలగిపోతున్నకొద్దీ, తాళంచెవి పట్టుకున్నవాని వేళ ఏది అన్న ప్రశ్న మరింత పదునెక్కుతున్నది.

దీనికి పరిహారం ఏమిటి? శాసనకర్తలు ఆలోచించవలసిన భాగం ఒకటి ఉన్నది. పదవి పేరునుబట్టి కాక, తన వేళలను తాను నిర్ణయించుకోగల శక్తి ఉన్నదా లేదా అన్నదానినిబట్టి మినహాయింపు ఉండవలెనని మాకు తోస్తున్నది. వర్తక సంస్థలు ఆలోచించవలసిన భాగం మరొకటి. ఒక దుకాణానికి తాళంచెవి పట్టగలవారు ఇద్దరుంటే ఇద్దరి పిల్లలూ తండ్రుల ముఖాలు చూడగలుగుతారు.

మనవంతు భాగం కూడా ఒకటి ఉన్నది. ఇంగ్లండులో ఏ శాసనమూ రాకముందే, 1842లో, దుకాణాలను పెందలకడనే మూయవలెనని ఒక సంఘం బయలుదేరినది. ఆ సంఘం చేసిన ముఖ్యమైన పని కొనుగోలుదార్లకు నచ్చజెప్పడం. చీకటిపడిన తర్వాత కొనవద్దని వారు విన్నవించారు. రాత్రి తొమ్మిదిన్నరకు కొనేవారుంటే తొమ్మిదిన్నరకు దుకాణం తెరిచి ఉంటుంది. కొనేవారు ఆ వేళకు ఎందుకు వస్తున్నారంటే, వారిలో చాలామంది కూడా ఎక్కడో ఎవరి వేళకో కట్టుబడి ఆలస్యంగా విడుదలైనవారే. గిడ్డంగిలో వంతు ముగించుకున్నవాడు, మందుల కర్మాగారంనుంచి బస్సు దిగినవాడు, వలయ రహదారిమీద గంటసేపు చిక్కుకున్నవాడు ఇంటికి పోతూ ఒక పాలపొట్లం కోసం ఆగుతాడు. ఒకరి ఆలస్యం మరొకరి ఆలస్యానికి కారణమవుతున్నది. ఈ గొలుసు ఏ ఒక్కరు తెంపినా తెగదు. కాని కొంత వదులు చేయడం ప్రతివారి చేతనూ అవుతుంది.

మా వృత్తి కూడా వేళలతో ముడిపడినదే. ప్రసారం ముగించే ఉద్ఘోషకుడు ఒకడు రాత్రి పొద్దుపోయేవరకు మెలకువగా ఉండవలె. అయితే ఉదయం ప్రసారం ఆరంభించేది అతడు కాదు. వంతుపట్టికలో వేరొకరి పేరు ఉంటుంది. ఆ పట్టిక ఉన్నందువల్లనే మేము ఇంటిలో మనుషులుగా ఉండగలుగుతున్నాము. మేడ్చల్ బాటమీద తలుపు దించే ఆ చేతికి కూడా అటువంటి పట్టిక ఒకటి ఉండవలెనని కోరడం అత్యాశ కాదు.

రేపో ఎల్లుండో శ్రోతలు ఏ దుకాణానికైనా వెళ్ళి, బయటికి వచ్చేముందు గోడమీది గడియారంవైపు ఒకమారు చూడండి. అక్కడ నడుముకు తాళంచెవుల గుత్తి తగిలించుకొని నిలబడిన మనిషి ఉంటాడు. ఆ గడియారాన్ని అతడు ఉదయంనుంచి ఎన్నిమారులు చూచి ఉంటాడో మనకు తెలియదు. ఇంటి దగ్గర అతని కొడుకు ఇంకా మేలుకొని ఉన్నాడో, పండుకున్నాడో ఆ గడియారమే చెబుతుంది.